గృహప్రవేశంలో షేర్ల చదివింపులు

ఇప్పుడు మా ఊళ్లో విదేశీ షేర్లు లేని కోడిపెట్ట కూడా లేదు. చిక్కల్లా వాటిని ఉంచుకోవడమే. పొద్దు గూకే వేళకు అవి ఎవరి ఖాతాలో ఉంటే, రుసుము కింద బ్రోకరు వాళ్ల యంత్రాల్లో ఒకదాన్ని పది రోజులు ఆపేస్తాడు. అందుకే జనం చదివింపుల్లో వదిలించుకుంటున్నారు. చదివించింది కాదనకూడదు కదా!

గవర్రాజు గృహప్రవేశంలో మైకు నాదే. "జపాను బిస్కెట్ల కంపెనీ, తొమ్మిది షేర్లు!" అని చదువుతూ గవర్రాజు వైపు చూశాను. అతని కళ్లు పడమటి వైపే ఉన్నాయి. ఉన్నది ఒక్క బోరు మోటారు. అది ఆగితే నారుమడి ఎండిపోతుంది.

"ఎవరైనా పుచ్చుకోండర్రా!" అని బతిమాలాడు. జనం పాయసం కూడా వదిలేసి లేచిపోయారు.

సూర్యుడు కొబ్బరిచెట్ల కిందికి దిగాడు. అతని భార్య పైడమ్మ నా దగ్గరకొచ్చి, "బాబాయ్, ఏదో ఒకటి చెప్పు" అంది.

"నాకు చదివించండే. ఈ మైకు తప్ప నాకేముంది? ఇది ఆగితే ఊరు సుఖపడుద్ది."

గవర్రాజు గబగబా షేర్లన్నీ నా ఖాతాకు మార్చాడు. నేను మైకందుకున్నాను.

"గవర్రాజు దంపతులు చదివించినవి, రెండు వందల షేర్లు, కొల్లాటి..."

మైకు మూగబోయింది. చేలో మోటారు చప్పుడు వినపడుతూనే ఉంది. నా పేరులో మిగిలిన సగం గొంతు చించుకుని అరిచాను.