జేబులో చేయి

పాత గాజు వాల్వుల స్టీరియో విప్పినప్పుడల్లా మెకానిక్ ఎడమ చేయి జేబులోనే ఉంచుకుంటాడు. రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండె మీదుగా వెళ్తుందని నేర్పిన గురువుగారు ఈమధ్యే పోయారు. ఆయన సొంత స్టీరియోనే బాగుచేయమని ఆయన భార్య పంపారు.

రాత్రి షాపులో ఒక్కడే ఉన్నాడు. ప్లగ్గు పీకి, వాల్వులన్నీ తీసి గుడ్డ మీద వరసగా పేర్చాడు. అయినా స్పీకరు సన్నగా గుయ్యిమంటూనే ఉంది. లోపల మిగిలిన కరెంటు దింపేద్దామని కుడిచేత్తో స్క్రూడ్రైవరు పెట్టాడు.

మోత ఆగిపోయింది.

"ఒంటి చేత్తో ఎంతసేపని తంటాలు?" స్పీకరులోంచి గురువుగారి గొంతు. "రెండోది కూడా పెట్టు."

"పెట్టను గురువుగారూ," అన్నాడు మెకానిక్. కుడిచేయి వెనక్కి రావడం లేదు.

"నిన్నెవడు అడిగాడురా?"

జేబులో ఎడమచేతి వేళ్లు వాటంతటవే ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.