బండి మళ్ళించిన మనిషి

"ఏం కరిచింది?" అంటూ ఎద్దు ముకుతాడు పట్టుకుని బండి ఆపేశాడు కతల సామి.

సిద్దప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బండిలో పెండ్లాం నాగమ్మ పిక్కకు గుడ్డ చుట్టుకుని మూలుగుతోంది. గుడ్డంతా నెత్తురు.

"నక్క కరిసింది సామీ. పత్తి ఏరతాంటే సేలోనుంచి ఎగిరి పట్టుకునె. ఎమ్మిగనూరు దగ్గర బజారి అని నాటువైద్దిగుడు పసరు పోస్తాడంట, ఆడికి పోతాండాం. తప్పుకోండి."

కరిచిన రోజే పొద్దు గుంకేలోపల పసరు పడాలని, ఆ తర్వాత పోసినా పని చేయదని బజారి నియమం. పొద్దు అప్పుడే నడినెత్తి దాటింది.

కతల సామి ముకుతాడు వదల్లేదు.

"ఆ నక్కకు పిచ్చి పట్టింది సిద్దప్పా. అది పసరుకు లొంగేది కాదు. బండి ఆదోనికి మళ్ళించు. గోవిందయ్య డాక్టరు దగ్గర సూదిమందు ఉంటుంది. నేనూ అక్కడికే పోతున్నాను."

"పిచ్చిదని మీకెట్ల తెలిసె?"

"దగ్గరగా చూశాను."

చూసే ఉంటాడు. ఆయనకు వేరే పనేముంది కనుక.

కర్నూలు రాజధాని అయిన ఏడు ఎక్కణ్ణుంచో వచ్చి, ఊరి బయట పాడుబడ్డ పత్తి కొట్టంలో చేరాడు. నవలలు రాస్తాడట. మనుషులు పలకరిస్తే ఉలకడు పలకడు. జింకల మంద కనిపిస్తే మాత్రం దాని వెంట మైళ్ళు నడుస్తాడు. నక్క బొరియ ముందు పూటంతా కదలకుండా కూర్చుంటాడు. ఉన్నట్టుండి రైలెక్కి మాయమవుతాడు, నెలకో రెండు నెలలకో మళ్ళీ ఊడిపడతాడు. రాసేవన్నీ లేని మనుషుల కథలు. అలాంటివాడి మాట పట్టుకుని ఇంటి ఇల్లాలి ప్రాణం ఒడ్డమంటే ఎట్లా?

"మీ కతలు మాకొద్దు సామీ. పొద్దు పోతాంది, ముకుతాడు ఇడవండి."

"ఇది కథ కాదు. పిచ్చినక్క కరిచి పోయిన మనిషిని నేను చూశాను. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంది, నీళ్ళచెంబు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది. గాలి తగిలినా ఒళ్ళంతా కొట్టుకుంటుంది. అంతా తెలుస్తూనే పోతాడు."

సిద్దప్ప వెనక్కి తిరిగి బండిలోకి చూశాడు.

బండిలోంచి నాగమ్మ అంది. "నాకు బయమైతాంది. ఆదోనికే పోదాం పా."

సిద్దప్ప పళ్ళు నూరుకుంటూ బండి మళ్ళించాడు.

స్టేషన్ పక్కనే గోవిందయ్య దవాఖానా. కతల సామి, డాక్టరు లోపలికి పోయి తలుపేసుకున్నారు. ఇద్దరూ వాదులాడుకుంటున్నట్టు గొంతులు వినపడ్డాయి గానీ మాటలు తెలియలేదు. బయట పొద్దు వాలిపోతోంది. ఇంక బజారి దగ్గరికి పోయే దారి లేదు.

చివరికి డాక్టరు మొహం ఎర్రగా చేసుకుని బయటికొచ్చాడు.

"ఆమెను లోపలికి తీసుకురా. దినామూ కడుపులో సూది వేయాలి. ఒక్క రోజు కూడా తప్పకూడదు."

దవాఖానా వసారాలోనే మకాం పెట్టారు. సూది పడినప్పుడల్లా నాగమ్మ అరుపుకు సిద్దప్ప ప్రాణం విలవిల్లాడేది. అక్కడ చేలో విచ్చిన పత్తి ఏరే దిక్కు లేదు.

కతల సామి మాత్రం రోజూ ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చే రైలునూ పోయే రైలునూ చూస్తున్నాడు.

ఒకనాడు సిద్దప్ప ఉండబట్టలేక పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"మీకేం సామీ, రైళ్ళు సూసుకుంటా కూసుంటారు. నా పత్తంతా నేలరాలతాంది. మీ మాట ఇని నేను మునిగిపోతి."

కతల సామి అదేమీ విననట్టు అడిగాడు. "నాగమ్మ నీళ్ళు తాగుతోందా?"

"తాగుతాంది. దానికేమాయ?"

"అయితే చాలు."

ఆ జవాబుకు సిద్దప్పకు ఇంకా కడుపు మండింది. మళ్ళీ ఆయన మొహం చూడలేదు.

సూదులు అయిపోయి ఊరు చేరేసరికి చేలో పత్తి సగం మట్టిపాలైంది.

పక్కింటి చౌడమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. "కతలాయన నిన్ను బాగా ఆడించినాడు గదప్పా. మా కుక్కనూ ఆ నక్కే కరిసింది. దానికేమాయ? దుక్కలాగ తిరగతాంది."

సిద్దప్ప తల దించుకున్నాడు.

ఆ కుక్క నెల తిరక్కుండా నోట నురగ కక్కుతూ, కనిపించిన ప్రతిదాన్నీ కొరుకుతూ చచ్చింది.

అది చూసి సిద్దప్ప ఇంటికొచ్చి నాగమ్మ పక్కన కూలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాగమ్మ రొట్టెలు కాల్చి, చెనిక్కాయల పొడితో మూట కట్టి ఇచ్చింది. "పోయి ఆయప్ప కాళ్ళు పట్టుకో. నువ్వు నానా మాటలంటివి."

కొట్టం తలుపు తీసే ఉంది. లోపల మనిషి లేడు. చాప మీద దుమ్ము పేరుకుంది.

మళ్ళీ ఏ రైలెక్కాడో అనుకుంటూ సిద్దప్ప ఆదోనికి నడిచాడు. దవాఖానాలో కాంపౌండరు హుసేనప్ప సీసాలు కడుగుతున్నాడు.

"అన్నా, కతల సామి యాడ ఉండాడు?"

హుసేనప్ప చేతిలో సీసా పక్కన పెట్టాడు.

"పోయినాడప్పా. మద్రాసు ఆస్పత్రికని రైలెక్కిస్తిమి. గుంతకల్లు దాటలేదు."

"ఏం రోగం?"

"దినామూ మందు పార్సిలు కోసరం టేసన్లోనే కాసుకోని ఉండె గదా. అది సమయానికి రాలేదు."

"ఎవురికి మందు?"

హుసేనప్ప తడి చేతులు తుడుచుకున్నాడు.

"నీకు సెప్పొద్దని మాట తీసుకున్నాడు గానీ, ఇంక దాసి ఏం లాభం సిద్దప్పా... ఆ పొద్దు మా దగ్గర మందు ఒక్కరికి సాలేంతే ఉండె, ఆ నక్క నీ పెండ్లాం కన్నా ముందు ఆయప్పనే కరిసింది."