బామ్మర్ది అమ్మిన టాబ్లెట్

"ఛీ" అనబోయి, ఎదురుగా ఉన్నది కస్టమరని గుర్తొచ్చి మాట మింగేశాడు బామ్మర్ది.

షాపు ఓనరు అతని అక్క మొగుడు. అందుకే వీధి వీధంతా అతన్ని బామ్మర్ది అనే పిలుస్తుంది. కంప్యూటర్లో బొమ్మలు గీసుకునే టాబ్లెట్లు అమ్మే షాపు అది. చేరి మూడు నెలలైనా అతను ఒక్క పెద్ద టాబ్లెట్ కూడా అమ్మలేదు.

"ఇవాళ ఒక్కటన్నా అమ్మకపోతే రేపట్నించి గోడౌన్లో అట్టపెట్టెలు మోసుకో" అని పొద్దున్నే తేల్చి చెప్పాడు బావ. కాస్త మనిషిలా కనబడాలని నిన్ననే జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకొచ్చాడు బామ్మర్ది. అయినా బావ మొహంలో మార్పు లేదు.

సరిగ్గా అలాంటి రోజునే దొరికింది ఈ మహాతల్లి. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతోంది.

ముందు చవక రకం చూపించాడు. దానికి తెర ఉండదు. పలక మీద పెన్నుతో గీస్తే బొమ్మ కంప్యూటర్లో పడుతుంది. అతను అటు తిరిగి, బల్ల కిందికి వంగి వైరు తగిలించి లేచేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఏదైనా గీసి చూడండి మేడం. పువ్వో, పిట్టో."

ఆవిడ పువ్వూ గీయలేదు, పిట్టా గీయలేదు. ఒక మచ్చ గీసింది. ఒక పక్క నలుపు, ఇంకో పక్క గోధుమరంగు, నడుమ నీలం. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. లోకంలో గీయదగ్గవి ఇన్ని ఉండగా ఇదేం రోగమో బామ్మర్దికి అర్థం కాలేదు.

"ఏంటండీ ఇది?"

"చూస్తే పుట్టుమచ్చలా ఉంటుంది. కాదు. డాక్టర్లు చదువుకునే పుస్తకాలకి బొమ్మలు గీస్తాన్నేను. ముప్ఫై ఏళ్ళుగా చర్మరోగాలే."

కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. నిజమే కానీ ఈ విద్యతో కూడు ఎలా దిగుతుందో అనుకున్నాడు.

"దీంట్లో రంగు తేలిపోతోంది. అసలుది ఇంకా ముదురు" అంది ఆవిడ. "ఆ పై అరలో ఉన్నది దించుతారా?"

స్టూలెక్కి దించాడు. ఇది చిన్న తెర ఉన్నది. ఆవిడ మళ్ళీ అదే మచ్చ గీసింది. ఈసారి దాని మీద పొలుసులు లేపింది. తడి మెరుపు పెట్టింది. ఒక అంచున కాస్త నెత్తురు కూడా అద్దింది.

తల్లితో వచ్చిన ఒక అమ్మాయి అటు తొంగిచూసింది. వాసన తగిలినట్టే తల్లి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, పిల్లని లాక్కుని బయటికి నడిచింది. కౌంటర్ దగ్గర్నుంచి బావ గుడ్లురిమాడు.

మింగలేక కక్కలేక నిలబడ్డాడు బామ్మర్ది. పొద్దున్న ఎవరి మొహం చూసి లేచాడో గుర్తు చేసుకున్నాడు. అద్దంలో తన మొహమే.

"పెన్ను ఒకచోట, గీత ఒకచోట పడుతున్నాయి. ఆ కింద అరలో పెద్దది ఉందే, అది ఒకసారి" అంది ఆవిడ తాపీగా.

కావాలని ఏడిపిస్తోందనిపించింది. అయినా ఆమెకి వీపు పెట్టి వంగి, పెట్టె విప్పి, ఒక్కో వైరూ తగిలించాడు. తిరిగేసరికి ఆవిడ ముందుకు వంగి, కళ్ళు చిట్లించుకుని ఉంది.

పెద్ద తెర మీద మచ్చ అరచెయ్యంత అయింది. "నిజానికి కందిగింజంతే ఉంటుంది. పెద్దది చేసి గీస్తున్నా" అంటూ ఆవిడ దాని చుట్టూ పొట్టి పొట్టి వెంట్రుకలు మొలిపించింది. ఆ వెంట్రుకలు చూసేసరికి అతను మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

ఇక ఆపుకోలేకపోయాడు. "ఇంత అసహ్యం ఒంటిమీద పెట్టుకుని జనంలో ఎలా తిరుగుతాడండీ మనిషి? సిగ్గనిపించదా?"

"తెలిసుండదు పాపం" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

"ఆ మాత్రం తెలీదా? స్నానం చెయ్యడు కాబోలు."

ఆవిడ నీలంలో ఇంకో చుక్క కలిపింది. తెరని అటూ ఇటూ వంచి చూసుకుంది. పెన్ను కింద పెట్టింది.

"ఇది కుదిరింది. రంగు ఉన్నదున్నట్టు వచ్చింది. ప్యాక్ చేయించండి."

బామ్మర్దికి ప్రాణం లేచొచ్చింది. "బావా, పెద్దది ఒకటి, బిల్లు" అని కేకేశాడు. బావ మొహం మూడు నెలల్లో మొదటిసారి విచ్చుకుంది. గోడౌన్ పీడ విరగడైంది. ఇక మిగిలింది తెర మీద ఉన్న ఆ పీడే.

"బొమ్మ చెరిపేస్తున్నానండీ" అంటూ చెయ్యి చాపాడు.

"వద్దు. ప్రింటు తీసి మీ జేబులో పెట్టుకోండి."

"నాకెందుకండీ ఈ దరిద్రం?"

ఆవిడ కళ్ళజోడు తీసేసి, బావకి వినబడకుండా గొంతు బాగా తగ్గించి, "ఇవాళే వెళ్ళి డాక్టర్‌కి చూపించండి బాబూ, మీ ఎడమ చెవి వెనకున్నది మీకు కనబడదు కదా" అంది.