బత్తాయి తోట మీద గీత

"జర పక్కకు జరుపు బిడ్డా," అన్నాడు లింగస్వామి, కూతురి లాప్‌టాప్‌లో తన బత్తాయి తోట మీదుగా పోతున్న ఎర్ర గీతను వేలితో చూపిస్తూ. అది దేవరకొండ బైపాస్ రోడ్డు. పొద్దున్నే సర్వేవాళ్లు వచ్చి తోటలో రాళ్లు పాతి పోయారు.

"నేను జరిపితే జరగది బాపూ. ఇది నేను దింపుకున్న నకలు. అసలుది సర్కారు దగ్గరుంటది," అంది నాగరాణి.

"మరి నువ్వు పట్నంల సదివేది గిదే గదా. ఊర్లకు రోడ్లు గీసే సదువు."

"సదువుతనే ఉన్న. నన్నెవలడుగుతరు?"

లింగస్వామి మళ్లీ తెర వైపు చూశాడు. "గాకపోతే గాకపాయె. ఒక్కపారి జరిపి సూపెట్టు. గీత లేకుంట తోట ఎట్లుంటదో సూస్త."

నాగరాణి జరిపింది. తోట పచ్చగా బయటపడింది. లింగస్వామి వంగి చెట్ల వరుసల వెంట వేలు నడిపించాడు.

వెనక నిలబడ్డ పక్కచేను గుర్వమ్మ మెడ చాచింది. "ఇప్పుడెవల మీదికెల్లి పోతాంది?"

నాగరాణి తడబడింది. "నీ గొర్ల దొడ్డి మీదికెల్లి, అత్తా."

"బొమ్మే గదా," అంది గుర్వమ్మ. అయినా తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

లింగస్వామి వేలు వెనక్కి తీసుకున్నాడు. "యాడిదాడనే పెట్టు బిడ్డా."

"ఇది ఉత్త నకలే బాపూ."

"ఎరుకే. పెట్టు."

నాగరాణి గీతను పట్టుకుని లాగింది. ఇందాకటి దాకా అది ఎవరో గీసిన గీత. ఇప్పుడు ఆమె చేత్తోనే బత్తాయి చెట్ల మీద వచ్చి పడింది.