ఏడో గుడ్డు

“అంతా హోయా చలవేనమ్మా” అంది చినామి ఫోన్లో.

తల్లి తోకికోకి “అంతా ఓయా చలవేనమ్మా” అని వినబడింది. వాళ్ల జపాన్ భాషలో ఓయా అంటే కన్నవాళ్లు. హోయా అంటే సముద్రంలో బండకి అంటుకుని బతికే జీవి. ఒనగావా రేవులో తోకికో నలభై ఏళ్లుగా కోసి అమ్ముతున్నది దాన్నే. ఒక్క హకారం ఎగిరిపోయేసరికి ఆవిడ కళ్లు చెమర్చాయి. ముల్లంగి ఊరగాయ డబ్బాతో రైలెక్కి ఒసాకాలో కూతురి లాబ్‌లో దిగింది. అసలు సంగతి తెలిశాక, పోనీ నేనమ్మే సరుకే కదా అని సరిపెట్టుకుంది.

చినామి చదువు ఆ సరుకు మీదే. హోయా కణాల పొరలో ఒక ప్రొటీన్ ఉంది. పొర మీద కరెంటు మారితే అది పసిగట్టి, లోపలి రసాయనాన్ని మారుస్తుంది. వినేది కరెంటు భాష, చెప్పేది రసాయనం భాష. దుబాసీ అన్నమాట. ఆ ప్రొటీన్ తయారీకి కావలసిన హోయా సరుకుని నీళ్లలో కలిపి, ఆవగింజంత కప్ప గుడ్డులోకి సూదితో ఎక్కించి, కరెంటు పెట్టి చూస్తారు. రసాయనం మారితే తెర మీద గీత కిందికి దిగుతుంది.

పోయిన నెల ఒక పరీక్షకుడు థీసిస్ తిప్పి పంపాడు. గీత దిగడం హోయా పనా, కప్ప గుడ్డు సొంత పనా తేల్చమన్నాడు. కప్పదాటు జవాబులు కుదరవన్నాడు. శుక్రవారంలోగా తేలకపోతే పట్టా ఇంకో ఏడాది వెనక్కి.

ఇవాళ గురువారం.

పొద్దున్నుంచి ఆరు గుడ్లయ్యాయి. ఆరింటికీ గీత దిగింది. దిగినప్పుడల్లా తోకికో చప్పట్లు కొట్టబోయింది. బల్ల అదురుతుందని కూతురు కళ్లతోనే ఆపింది.

మూడింటికి ఏడోది మిగిలింది. చినామి గురువు కురిహారా సెన్సే వచ్చి వెనక నిలబడ్డాడు. నవ్వుని రేషన్ కార్డు మీద వాడే మనిషాయన. తోటి విద్యార్థి మొరితా ఏసీ కూడా ఆపేశాడు.

“ఇదొక్కటీ గట్టెక్కితే చాలు” అన్నాడు మెల్లిగా.

చినామి మీట నొక్కింది.

గీత కదల్లేదు.

కరెంటు పెంచింది. మళ్లీ పెంచింది. గీత చాప మీద పడుకున్నట్టే ఉంది. పది నిమిషాలైనా అంతే. చివరికి చినామి మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు అదిరాయి.

తోకికో లేచి కూతురి వీపు నిమిరింది.

“ఊరుకో తల్లీ. ఆరు మాట విన్నాయిగా. ఒక్క మొండి గుడ్డుకి ఇంత ఏడుపా? పట్టా రాకపోతే పోయింది. నా కత్తీ బల్లా ఉన్నాయి, వచ్చెయ్.”

తర్వాత సెన్సే వైపు తిరిగి నడుం దాకా వంగింది. నా పిల్ల మీ రోజూ మీ గుడ్లూ పాడుచేసింది, క్షమించమంది. ఆయన ఇంకా కిందికి వంగాడు. ఆవిడ అంతకన్నా వంగింది. రెండు తలలూ ఢీకొనబోయాయి. మొరితా పెదవి కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగాడు.

ముందు సెన్సేయే లేచాడు. నెలకి సరిపడా నవ్వు ఒక్కసారే ఖర్చు పెట్టేశాడు.

“అమ్మగారూ, ఈ గుడ్డుకి మేం ఎక్కించింది వట్టి నీళ్లండి, హోయా లేనిదే గీత కదలదని తేలాలనే పొద్దున్నుంచీ మా ముగ్గురి ప్రార్థన.”