రెండు వేళ్ళ టకటక

పక్క కుర్చీ పెద్దాయన మళ్ళీ మెడ సాచి ఆమె తెర వైపు చూశాడు.

ఆమెకు ఒళ్ళు మండింది.

అసలే తల వేడెక్కి ఉంది. పదిహేనేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు మోసిన గుమాస్తా ఆమె. ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కేశాయి కాబట్టి, శుక్రవారం పరీక్షలో ప్రోగ్రాం రాసి నెగ్గినవాళ్ళకే ఇకపై ఉద్యోగమన్నారు. ఏదో ఒక కంప్యూటర్ భాషలో రాస్తే చాలన్నారు కూడా.

ఒకటొస్తే ఉంచుతారు, మూడొస్తే నెత్తిన పెట్టుకుంటారని ఆమె లెక్క. అందుకని పొద్దున పైథాన్, మధ్యాహ్నం జావా, సాయంత్రం సి.

పైథాన్ పాఠంలోకి జావా, జావా పాఠంలోకి సి చొరబడి కూర్చునేవి. ఇంట్లో చెల్లెలు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే, ఏ భాషలో అని ఆమె ఎదురడిగింది.

నేర్చుకోవడానికి చేరిన శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవారెవరూ కనిపించలేదు. జవాబు రాసి పంపితే యంత్రమే తెర కింద ఒప్పో తప్పో చూపిస్తుంది.

మొదటి వారం చివర పెద్దాయన ఒకసారి నోరు విప్పాడు.

"మూడూ ఒకేసారి వద్దమ్మా. ఒకటి కుదురుకున్నాక రెండోది."

"వారం నుంచీ చూస్తున్నాను, మీరు మొదటి పాఠమే దాటలేదు. ముందు మీ సంగతి చూసుకోండి."

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. రెండు వేళ్ళతో టకటకలాడించడం, మధ్యమధ్య ఆమె తెరలోకి తొంగిచూడడం మాత్రం మానలేదు. కాపీ కొడుతున్నాడనుకుంది.

ఆ మర్నాటి నుంచే యంత్రానికి ఎక్కడలేని తెలివీ వచ్చింది. 'తప్పు' అన్న మాట కింద ఒక వాక్యం కనిపించసాగింది.

'లెక్క సరిగ్గానే ఉంది, భాషే నిన్నటిది.'

'ఇందాక బాగానే రాశారు, అనవసరంగా చెరిపేశారు.'

ఒకరోజైతే, 'కొన్నాళ్ళు జావా, సి జోలికి పోకండి.'

ఆమె పోలేదు. యంత్రం చెప్పింది కదా.

పైథాన్ మెల్లగా దారికొచ్చింది. మనుషులకన్నా ఆ యంత్రమే నయం, విసుక్కోకుండా చెబుతుందని చెల్లెలి దగ్గర మెచ్చుకుంది.

బుధవారం ఆ టకటకకు ఆమె ఓపిక నశించింది. కేంద్రం నిర్వాహకుడి దగ్గరకెళ్ళి, ఆయన్నయినా పంపండి, నన్నయినా పంపండి అని తెగేసి చెప్పింది.

నిర్వాహకుడు ఏదో చెప్పబోయాడు. ఆలోపే పెద్దాయన లేచి కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు.

"పరీక్ష ఆవిడది. నేనే వెళ్తాను."

గురువారం గది హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. ఆమె చివరి పాఠం రాసి పంపింది. తప్పు. మార్చి పంపింది. తప్పు. పదకొండుసార్లు పంపింది. కింద ఒక్క వాక్యమూ రాలేదు.

విసవిసా నిర్వాహకుడి బల్ల దగ్గరకు నడిచింది. రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ మీ యంత్రం పాడైతే ఎలాగని నిలదీసింది. సలహాలే రావడం లేదంది.

"దానికి ఒప్పు, తప్పు తప్ప మూడో మాట రాదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ వచ్చినవి?"

అతను ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"రాసింది ఒక్కటే చూస్తే చాలదు, చెరిపింది కూడా చూస్తేగానీ ఎక్కడ తడబడ్డారో తెలియదని మీ పక్కనే కూర్చుని ఆ వాక్యాలు టైపు చేసేవారు."

ఆమె ఆయన్ని ఒక్కసారి పిలిపించగలరా అని అడిగింది.

ఇంకో ఊళ్ళో ఇలాంటి కేంద్రమే తెరిచారని, పొద్దున బస్సుకే అక్కడికి వెళ్ళిపోయారని అతను చెప్పాడు.

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"ఈ గదికి మాష్టారు ఆయనొక్కరేనమ్మా. 'మనిషి చెబితే ఆవిడకి కోపమొస్తోంది, యంత్రమే చెబుతోందనుకోనివ్వు' అన్నారు."