పొంగని సున్నం

“చూడక్కా, ఎట్ల పొంగుతుందో! గింత గట్టి సున్నం ఇంకే బట్టీల దొరకది,” అంటూ దశరథం తన బట్టీలో కాల్చిన సున్నంమీద నిమ్మకాయ పిండాడు.

నిరుడు కట్టిన బావిగోడ వానకు కూలితే, తారాబాయి మళ్ళీ సున్నానికి వచ్చింది. బట్టీలో ఇంకా వెయ్యని సున్నపురాయిని నూరించి, అతని సున్నమంతే పొడి కొలిచి, దానిమీదా నిమ్మకాయ పిండింది. అది రెండింతలు పొంగింది.

“గిదేంది!” అన్నాడు దశరథం.

“పొంగేది పచ్చిరాయి, తమ్మీ. కాలిన సున్నం నిమ్మరసానికి పొంగది. నీది దాంట్ల సగం పొంగిందంటే, సగమే కాలిందన్నట్టు. అసలు పొంగనిది లేదా?”

“పనికిరాదని పొద్దున్నే అవతల పోసిన.”

“గదే బండికెత్తు.”

దశరథం తట్ట అందుకొని ఆగాడు. “నిరుడు నీ బావికి మస్తు పొంగేదే ఏరి ఏరి ఇచ్చిన గదక్కా!”

“తెలిసింది,” అంది తారాబాయి.